రాకెట్ ఎగిరింది, సరిగా దిగలేదు: తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

స్టూడెంట్ టీమ్ కట్టిన రాకెట్ ముక్కలై పడితే అందరూ ముందు మోటారునే అనుమానిస్తారు. నేను చూసినంతవరకు దొంగ ఎక్కువసార్లు పారాచ్యూట్ దగ్గరో వైర్ల మధ్యో దొరికాడు. ముక్కలు కనబడగానే పరిగెత్తి ఏరడం మొదలుపెట్టకండి. పారాచ్యూట్‌ను బయటికి నెట్టే చిన్న పేలుడు మందు, అంటే ఛార్జ్, పేలకుండా ఇంకా లోపలే ఉండొచ్చు. ముందు దూరం నుంచి ఫొటోలు తీయండి. తర్వాత స్విచ్ ఆపి, ఛార్జ్ వైర్లు విడదీయండి. ఎత్తు కొలిచి, ఛార్జ్‌ను పేల్చే ఆల్టీమీటర్‌ను ఊరికే మళ్లీ ఆన్ చేసి చూడొద్దు. కొన్ని రకాలు పాత రికార్డు మీదే కొత్తది రాసేస్తాయి.

పైకి వెళ్తుండగానే విడిపోయింది

ముందు తేల్చుకోవాల్సింది ఛార్జ్ కాలిందా లేదా అన్నది.

కాలి, ఛార్జ్ డబ్బీ మసిబారి ఉంటే ఆల్టీమీటర్ తొందరపడిందన్నమాట. అది గాలి పీడనాన్ని బట్టి ఎత్తు లెక్కగడుతుంది. రాకెట్ ధ్వని వేగాన్ని దాటేటప్పుడు షాక్ తరంగం బాడీ మీదుగా జరుగుతుంది. ఆ క్షణంలో పీడనం ఎగసిపడితే ఆల్టీమీటర్ 'దిగుతున్నాం' అనుకుని ఛార్జ్ పేల్చేస్తుంది. రికార్డు తెరిస్తే, సాఫీగా లేస్తున్న గీత సరిగ్గా అక్కడే గాటు పెట్టినట్టు కిందికి పడి ఉంటుంది. రాకెట్ వేగం ధ్వని వేగం కంటే తగ్గేదాకా ఛార్జ్ పేలకుండా మాక్ లాకౌట్ పెట్టండి. త్వరణం కొలిచే యాక్సిలరోమీటర్ కూడా ఉన్న ఆల్టీమీటర్ అయితే ఇంకా నయం. ఆల్టీమీటర్‌కు గాలి అందించే రంధ్రాలు నోస్ కోన్‌కు (రాకెట్ ముందు మొనకు) బాగా వెనక, నున్నటి చోట, చుట్టూ సమాన దూరంలో మూడో నాలుగో ఉండాలి. డ్రిల్ చేసిన అంచును గోటితో తడిమి చూడండి, గోరు తట్టుకుంటే సాండ్‌పేపర్‌తో రుద్దేయండి.

ఛార్జ్ కాలకపోతే ఆల్టీమీటర్ తప్పేమీ లేదు. మూసిన ట్యూబులో నేల మీది గాలే ఉంటుంది. 10 కిలోమీటర్ల ఎత్తులో బయటి పీడనం నేల మీది దాంట్లో దాదాపు పావు వంతే. లోపలి గాలి నోస్ కోన్‌ను నెట్టేస్తుంది. ట్యూబుకు 3 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి వేసి, జాయింట్‌కు నైలాన్ షియర్ పిన్నులు (ఛార్జ్ పేలినప్పుడే తెగే సన్నని పిన్నులు) పెట్టండి. మోటారు ఆగగానే ఫిన్లున్న (రెక్కలున్న) వెనక భాగం గాలి ఒత్తిడికి ముందు భాగం కంటే త్వరగా నెమ్మదించి ఊడిపోవడం కూడా ఉంది. దానికీ ఆ పిన్నులే మందు.

నేల మీద పేలింది, పైన సరిగా పేలలేదు

టీమ్‌లో గొడవలు పెట్టేది ఇదే. 'పదిసార్లు టెస్ట్ చేశాం కదా!' అంటారు. చేశారు, కానీ చిక్కటి గాలిలో. ఛార్జ్‌లో ఉండే బ్లాక్ పౌడర్‌కు బయటి ఆక్సిజన్ అక్కర్లేదు, కాబట్టి ఎత్తుతో పనేముంది అనిపిస్తుంది. కానీ మంట ఒక గింజ నుంచి ఇంకో గింజకు వేడి వాయువు ద్వారా పాకాలి. గాలి పలచబడ్డాక, అంటే సుమారు 6 కిలోమీటర్లు దాటాక, గింజలు అంటుకునేలోపే చెదిరిపోతాయి. పారాచ్యూట్ మడతలు విప్పి తెల్ల కాగితం మీద దులపండి. కాలని నల్లటి గింజలు రాలితే కారణం దొరికినట్టే.

మందు ఎక్కువ పోస్తే సరిపోతుందనుకోవద్దు, చెదిరేది పెరుగుతుందంతే. రబ్బరు ట్యూబులో గట్టిగా కూరి, రెండు చివర్లూ బిగించి కడితే లోపల పీడనం నిలిచి మొత్తం కాలుతుంది. లేదంటే కార్బన్ డయాక్సైడ్ కార్ట్రిడ్జ్ వ్యవస్థకు మారండి. ఏది చేసినా అనుభవమున్నవాళ్లు పక్కన లేకుండా మందు ముట్టుకోకండి. బ్యాకప్‌గా పెట్టే రెండో ఛార్జ్‌కు వేరే ఆల్టీమీటర్, వేరే బ్యాటరీ ఉండాలి. ఒకే బ్యాటరీ మీద రెండూ పెట్టి 'బ్యాకప్ ఉంది' అనుకునే టీమ్‌లు చాలానే ఉన్నాయి.

మోటారు అంటుకున్న సెకనులోపే రికార్డు ఆగింది

కరెంటు పోయింది. స్ప్రింగ్ హోల్డర్‌లోని బ్యాటరీ త్వరణానికి వెనక్కి జరిగి, ఒక్క క్షణం కాంటాక్ట్ వదిలితే చాలు. వైర్లు సోల్డర్ చేసి, బ్యాటరీని కదలకుండా జిప్ టైతో బిగించండి. తర్వాత చేత్తో గట్టిగా కుదిపి చూడండి. లైటు మిణుకుమంటే ఎగరేయొద్దు.

గరిష్ఠ వేగం దగ్గర ఫిన్ ఊడింది

జిగురును తిట్టేముందు ఫిన్ మందం చూడండి. పలచటి, పొడవాటి ఫిన్ ఆ వేగంలో జెండాలా రెపరెపలాడి విరుగుతుంది. మందం పెంచండి, బయటికి పొడుచుకొచ్చే పొడవు తగ్గించండి. ఒక ఫిన్ చివర నుంచి బాడీ మీదుగా పక్క ఫిన్ చివరిదాకా ఫైబర్ గుడ్డ పరిచి రెజిన్ పట్టించండి.

గాలికి ఎదురు తిరిగి పక్కకు పోయింది

లాంచ్ రైలును (రాకెట్‌ను నిలబెట్టి ఎగరేసే పట్టాను) వదిలేటప్పుడు వేగం చాలలేదు. పొడవైన రైలు వాడండి, లేదా బరువు తగ్గించండి. స్థిరత్వం మరీ ఎక్కువైనా ఇలాగే వంగుతుంది.

జీపీఎస్ మాయమైంది

కార్బన్ ఫైబర్ రేడియో తరంగాలను అడ్డుకుంటుంది. నోస్ కోన్ ఫైబర్ గ్లాస్‌తో చేయండి. చాలా రిసీవర్లు 18 కిలోమీటర్ల ఎత్తు, సెకనుకు 515 మీటర్ల వేగం అనే పరిమితులు దాటితే స్థానం చూపించడం ఆపేస్తాయి. కొన్నింటికి రెండూ దాటాలి, కొన్నింటికి ఏ ఒక్కటి దాటినా చాలు, కొనేముందే అడగండి. త్వరణం కుదుపుకు ఉపగ్రహ సిగ్నల్ తప్పినదైతే, డ్రోగ్ (ముందుగా తెరుచుకునే చిన్న పారాచ్యూట్) కింద వేలాడేటప్పుడు చాలాసార్లు మళ్లీ దొరుకుతుంది. అప్పటిదాకా యాంటెన్నా దించకండి.