విల్లుతో ఎల్క్ వేట, 4వ పాఠం: ములికి నుంచి వింటి దాకా

గత మూడు పాఠాల్లో నిలబడే తీరు, నారి మీద వేళ్ల పట్టు, చెంప దగ్గర యాంకర్ (నారి లాగిన చెయ్యి ప్రతిసారీ ఆనే చోటు) కుదుర్చుకోవడం చూశాం. అంతవరకూ క్లబ్బులో ఇచ్చే 25, 30 పౌండ్ల విల్లుతోనే (నారి లాగడానికి పట్టే బలం అది) సాధన చేయమన్నాను. ఇప్పుడు సొంత విల్లు కొనుక్కోవచ్చు. చాలామంది తొందరపడేది ఇక్కడే. డబ్బంతా, మనసంతా విల్లు మీద పెట్టేసి, చివర్లో షాపులో ఏవి ఉంటే ఆ బాణాలు అరడజను తెచ్చుకుంటారు. కానీ ఎల్క్ ఒంట్లోకి దిగాల్సింది బాణం. అందుకే ఈ పాఠంలో ములికి (బాణం మొన) దగ్గర మొదలుపెట్టి, బాణం మీదుగా, చివరికి వింటి దగ్గరకు వద్దాం.

ముందుగా ఒక మాట. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. ఈ పాఠాలు కొలరాడో, ఐడహో, మోంటానా లాంటి అమెరికా రాష్ట్రాల్లో లైసెన్సు, ట్యాగ్ (ఒక జంతువును వేటాడేందుకు ఇచ్చే అనుమతి చీటీ) తీసుకుని, సీజన్‌లో పద్ధతిగా వేటకు వెళ్లే తెలుగువాళ్ల కోసం.

ఎదురుగా ఉండే జంతువు

ఎల్క్ జింక జాతిదే. మన నల్లమల కణుజుకు దగ్గరి చుట్టం, ఒళ్లు మాత్రం ఇంకా పెద్దది. రాకీ పర్వతాల్లో పెరిగిన మగ ఎల్క్ సుమారు 300 కిలోలు, ఆడది 220 కిలోల పైచిలుకు తూగుతుంది. చర్మం మందం, పక్కటెముకలు వెడల్పు. ముందు కాలి పైన ఉండే రెక్క ఎముక, దాని కింద దండ ఎముక చాలా గట్టివి. వాటిని నేరుగా తాకితే మన బాణం అక్కడే ఆగిపోవచ్చు.

బాణం పనిచేసేది కోతతో. తూటాలాగా దెబ్బ అదురుతో కాదు. రెండు ఊపిరితిత్తుల్నీ కోసుకుంటూ పోతే జంతువు ఎక్కువ దూరం పోలేదు, త్వరగా పడిపోతుంది. బాణం అవతలి పక్కకు కూడా బయటపడితే రెండు గాయాల నుంచి నెత్తురు కారుతుంది, జాడ పట్టడం తేలికవుతుంది. అరకొరగా దిగితే మాత్రం అది లోయలు దాటి పోయి, ఎవరికీ దొరక్కుండా రోజుల తరబడి నరకం అనుభవిస్తుంది. మనం కొనే ప్రతి వస్తువునూ ఈ ఒక్క విషయంతోనే కొలవాలి: బాణం రెండు ఊపిరితిత్తులూ దాటి పోతుందా, లేదా?

ఈ ప్రశ్న మీద ఎక్కువ కష్టపడిన మనిషి డాక్టర్ ఎడ్ ఆష్బీ. 1980లలో దక్షిణాఫ్రికాలోని నేటాల్‌లో, ఆ తర్వాత ఆస్ట్రేలియాలో అడవి దున్నల మీద, ఏ బాణం ఎంత లోతు దిగుతోందో ఏళ్ల తరబడి పరీక్షించి నమోదు చేశాడు. బాణం లోతుగా దిగడానికి తోడ్పడే అంశాలను ఆయన ఒక వరుసలో పెట్టాడు. అందులో మొదటిది ములికి, కాడ (బాణం కర్ర), వాటి అతుకు విరగకుండా, వంగకుండా నిలవడం. రెండోది బాణం తిన్నగా ఎగరడం. నేను కూడా ఈ వరుసనే నమ్ముతాను.

ములికి

రెండు అంచుల, కదలని బ్లేడ్ ఉన్న బ్రాడ్‌హెడ్ (వేటకు వాడే వెడల్పాటి ములికి) తీసుకోండి. వెడల్పు అంగుళం నుంచి అంగుళం ఎనిమిదో వంతు దాకా చాలు. తగిలాక తెరుచుకునే మెకానికల్ ములుకుల జోలికి వెళ్లకండి. ఆ బ్లేడ్లు తెరుచుకోవడానికే బాణం శక్తిలో కొంత ఖర్చవుతుంది. కొసల్లో కప్పీలుండే కాంపౌండ్ విల్లు ఆ ఖర్చు భరించగలదు, కప్పీలు లేని మన సంప్రదాయ విల్లు భరించలేదు. మూడు అంచుల ములికి పెద్ద గాయం చేస్తుంది, నెత్తురు బాగా కారుతుంది, నిజమే. కానీ 50 పౌండ్లకు తక్కువ లాగేవాళ్లకు నా సలహా రెండు అంచులే, ఎందుకంటే అది తక్కువ నిరోధంతో లోపలికి జారుతుంది.

సింగిల్ బెవెల్ అని ఇంకో రకం ఉంది. ప్రతి అంచునూ ఒక్క పక్కే సానబెడతారు. అది లోపలికి దిగుతూ తిరుగుతుంది, ఎముక తగిలితే చీల్చే అవకాశం ఎక్కువ. ఇది కొంటే ఈకల తిప్పుడు కూడా అదే దిశలో ఉండాలి. కుడి బెవెల్‌కు (బెవెల్ అంటే సానబెట్టిన వాలు) పక్షి కుడి రెక్క ఈకలు, ఎడమ బెవెల్‌కు ఎడమ రెక్కవి. లేకపోతే గాలిలో ఒక వైపు తిరుగుతూ వచ్చిన బాణం ఒంట్లో రెండో వైపు తిరగాల్సి వస్తుంది.

ఏ ములికి కొన్నా డబ్బాలోంచి తీసిన పదునుతో సరిపెట్టుకోవద్దు. ముంజేతి మీద వెంట్రుకలు గీసేసేంత పదును మీ చేతులతో మీరు తెచ్చుకోవాలి. సానరాయి, పట్టుపట్టే ఓపిక, ఈ రెండే దానికి కావాల్సినవి. కొలరాడోలో బ్రాడ్‌హెడ్ కనీసం అంగుళంలో 8 వంతుల్లో 7 వంతుల వెడల్పు ఉండాలి, కనీసం రెండు ఉక్కు అంచులు ఉండాలి అని చట్టమే చెబుతుంది.

బాణం బరువు

బాణం బరువును గ్రెయిన్లలో కొలుస్తారు. ఒక గ్రాముకు సుమారు 15.4 గ్రెయిన్లు. సంప్రదాయ విల్లు వదిలిన బాణం సెకనుకు దాదాపు 160 నుంచి 185 అడుగుల వేగంతో పోతుంది. కాంపౌండ్ బాణం 280 కూడా దాటుతుంది. వేగంలో వాళ్లతో పోటీ పడలేం, కాబట్టి మన బలం బరువులో వెతుక్కోవాలి. బరువైన బాణం వింటి శక్తిలో ఎక్కువ భాగం తనతో తీసుకుపోతుంది, విల్లు చప్పుడు తగ్గుతుంది, చేతికి అదురు కూడా తగ్గుతుంది.

వాడుకలో ఉన్న లెక్క ఇది: మీ వేళ్ల మీద పడే ప్రతి పౌండుకు 10 గ్రెయిన్లు. ఎల్క్‌కు నేనైతే 11, 12 దాకా వెళ్లమంటాను. మీ వేళ్ల మీద 46 పౌండ్లు పడుతున్నాయనుకోండి (ఈ 46 ఎక్కడిదో వింటి దగ్గరకు వచ్చాక చెబుతాను). అప్పుడు 500 నుంచి 550 గ్రెయిన్ల బాణం కావాలి. దాన్ని ఇలా కూర్చవచ్చు. అంగుళానికి 9 గ్రెయిన్లు తూగే కార్బన్ కాడ 28.5 అంగుళాలు, అంటే దాదాపు 256. ముందు ఇత్తడి ఇన్సర్ట్ (ములికి బిగించడానికి కాడలో దూర్చే ముక్క) 50. ములికి 200. ఈకలు, నాక్ (నారికి తగిలించే వెనక గాడి ముక్క) కలిపి ఓ 20. మొత్తం 526 గ్రెయిన్లు, 34 గ్రాములు.

ఇందులో 250 గ్రెయిన్లు ముందు కొసలోనే ఉన్నాయి చూడండి. ఇది కావాలనే చేసింది. ముందు బరువు ఉంటే బాణం త్వరగా సర్దుకుని తిన్నగా పోతుంది. దీన్ని ఎఫ్.ఓ.సీ. (ఫ్రంట్ ఆఫ్ సెంటర్, అంటే బాణం తూగే చోటు మధ్య నుంచి ఎంత ముందుకు ఉందన్నది) శాతంగా చెబుతారు. ఇంట్లోనే కొలవవచ్చు. ములికితో సహా బాణాన్ని వేలి మీద నిలబెట్టి, అది ఏ చోట తూగిందో గుర్తు పెట్టండి. నాక్ గాడి నుంచి ఆ గుర్తు దాకా కొలవండి. అందులోంచి కాడ పొడవులో సగం తీసేసి, మిగిలినదాన్ని కాడ పొడవుతో భాగించి 100తో గుణించండి. మన బాణం 20.5 అంగుళాల దగ్గర తూగుతుంది. అందులో 14.25 తీసేస్తే 6.25, దాన్ని 28.5తో భాగిస్తే సుమారు 22 శాతం. ఇది చాలా మంచి అంకె. 15 దాటినా నాకు సంతోషమే.

స్పైన్

కొత్తవాళ్లు నెలల తరబడి ఇబ్బంది పడేది దీనితోనే. మీ బాణాలు ఎప్పుడూ ఒకే పక్కకు పోతుంటే, చేతిని తిట్టుకునే ముందు స్పైన్ చూడండి.

నారి వదలగానే బాణం కర్రలా బిగుసుకుని ముందుకు పోదు. వెనక నుంచి నారి తోస్తుంది, ముందు ములికి బరువు ఆపుతుంది, మధ్యలో కాడ వంగుతుంది. అలా వంగి, విల్లు పిడిని చుట్టి, ఇటూ అటూ ఊగుతూ పోయి తిన్నబడుతుంది. సరిగ్గా కావలసినంతే వంగాలి. ఎంత వంగుతుందో చెప్పేదే స్పైన్. 29 అంగుళాల కాడను 28 అంగుళాల ఎడంలో రెండు ఆధారాల మీద పెట్టి, మధ్యలో 880 గ్రాముల బరువు వేలాడదీస్తారు. అర అంగుళం వంగితే అది 500 స్పైన్. 0.4 అంగుళాలు వంగితే 400. కాబట్టి అంకె పెరిగేకొద్దీ కాడ మెతకవుతుంది.

ఇది కాడ మీద రాసిన లెక్క. వింటి మీద అది ఎలా నడుస్తుందన్నది వేరు. కాడ పొడవైతే మెతకగా నడుస్తుంది. ములికి బరువు పెంచితే ఇంకా మెతక. విల్లు కిటికీ (బాణం పోయేందుకు పిడి పైన కోసిన చోటు) మధ్యరేఖ దాకా కోసి ఉన్న రికర్వ్ (కొసలు ముందుకు తిరిగిన విల్లు) మీద కాస్త గట్టి కాడ నప్పుతుంది, మధ్యరేఖ దాకా కోయని పాతకాలపు లాంగ్‌బో (కొసలు అలా తిరగని పొడవాటి విల్లు) మీద మెతకది కావాలి, ఎందుకంటే అక్కడ బాణం పిడిని చుట్టి వెళ్లాల్సిన దూరం ఎక్కువ. చార్టులు చూడండి, కానీ చార్టు చెప్పిందే చివరి మాట అనుకోవద్దు. 46 పౌండ్ల రికర్వ్‌కు, పైన చెప్పిన ముందు బరువుతో, 500 దగ్గర మొదలుపెట్టడం సబబు. 400, 500, 600 ఒక్కో జత తెచ్చి పరీక్షించాకే డజను కొనండి. వాటిని ముందే పొట్టిగా కోయించకండి. కోయడం ఎప్పుడైనా కోయవచ్చు, అతికించడం కుదరదు.

ఈకలు లేని కాడతో పరీక్ష వచ్చే పాఠంలో విడిగా చేద్దాం. ఇప్పటికి ఇంత చాలు: కుడిచేత్తో నారి లాగేవాళ్లకు ఈకలు లేని కాడ ఈకలున్నవాటికి ఎడమగా పడితే గట్టిది, కుడిగా పడితే మెతకది.

ఈకల సంగతి తొందరగా ముగిద్దాం. బాణాన్ని విల్లు అరుగు మీదే ఆనించి వేస్తాం కాబట్టి టర్కీ కోడి ఈకలే వాడాలి. ఈకల బదులు వాడే ప్లాస్టిక్ వేన్లు అరుగుకు తగిలి బాణాన్ని పక్కకు నెడతాయి. అయిదు అంగుళాలవి మూడు, లేదా నాలుగు అంగుళాలవి నాలుగు. వాన తగిలితే అణిగిపోతాయి, పైన వాటర్‌ప్రూఫ్ పౌడర్ రుద్దండి. కాడ విషయానికొస్తే, ఆరెగాన్ పోర్ట్ ఆర్ఫర్డ్ సెడార్ చెక్క బాణాలు ఎంతో అందంగా ఉంటాయి, వాటి వాసన నాకు ప్రాణం. అయినా మొదటి ఎల్క్‌కు కార్బనే తీసుకోండి. అన్నీ ఒకేలా ఉంటాయి, తడికి వంకర పోవు. వేసే ముందు ప్రతిసారీ కాడను కొంచెం వంచి పగుళ్లు ఉన్నాయేమో చూసుకోవాలి.

ఇక విల్లు

విజయవాడ జ్యోతి సురేఖ చేతిలో టీవీలో చూసేది కాంపౌండ్. అదే ఊరి బొమ్మదేవర ధీరజ్ వాడేది ఒలింపిక్ రికర్వ్. మనకు కావాల్సింది ధీరజ్ వింటి వంశందే, కాకపోతే దాని మీద గురి చూసే సైట్ ఉండదు, విల్లు అదరకుండా ఆపే స్టెబిలైజర్ ఉండదు, పూర్తిగా లాగామని చప్పుడుతో చెప్పే క్లిక్కర్ ఉండదు.

కాంపౌండ్‌కూ దీనికీ అసలు తేడా పట్టి ఉంచడంలో ఉంది. 80 శాతం లెట్-ఆఫ్ (పూర్తిగా లాగాక తగ్గే బరువు) ఉన్న 70 పౌండ్ల కాంపౌండ్‌ను పూర్తిగా లాగాక చేతి మీద ఉండేది 14 పౌండ్లే. సంప్రదాయ వింట్లో బరువంతా యాంకర్ దగ్గరే మీ వేళ్ల మీద పడుతుంది. అందుకే ఎంత లాగగలరన్నదాని కన్నా, లాగి ఎంతసేపు నిశ్చలంగా ఉండగలరన్నది ముఖ్యం.

వింటి మీద "50 పౌండ్లు, 28 అంగుళాలు" అని రాసి ఉంటుంది. అంటే 28 అంగుళాలు లాగితే 50. మీ డ్రా లెంగ్త్ (మీరు నారి లాగే పొడవు) 28 కాకపోవచ్చు. రెండు చేతులూ చాచి ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస దాకా కొలిచి 2.5తో భాగిస్తే ఉజ్జాయింపుగా తెలుస్తుంది. అయిదున్నర అడుగుల మనిషికి చేతుల చాపు 66 అంగుళాలు ఉంటే, డ్రా లెంగ్త్ 26.4 వస్తుంది. ఒక్కో అంగుళానికి రెండున్నర పౌండ్ల చొప్పున తగ్గితే, 50 పౌండ్ల విల్లు మీ చేతిలో 46 పౌండ్లది. పైన వాడిన 46 ఇదే. మన వాళ్లలో చాలామందికి ఈ తేడా వర్తిస్తుంది, షాపువాళ్లు అడిగితే తప్ప చెప్పరు. విల్లు త్రాసుతో మీ డ్రా దగ్గర తూచి చూపించమని అడగండి.

46 సరిపోతుందా? పదునైన రెండంచుల ములికి, 520 గ్రెయిన్ల పైన బాణం, తిన్నగా ఎగిరే స్పైన్, దగ్గరి దూరం ఉంటే సరిపోతుంది. చట్టం కనీసం వేరు: కొలరాడోలో 35 పౌండ్లు, ఐడహోలో 40, అలాస్కాలో ఎల్క్‌కు 50. నియమాలు ఏటా మారొచ్చు, ఆ ఏడాది పుస్తకం చదివాకే ట్యాగ్‌కు దరఖాస్తు పెట్టండి. 35 చట్టబద్ధమైనా నేను ఎల్క్‌కు 45 కన్నా తక్కువ వాడమని చెప్పను. అలాగని మగతనం చూపించుకోవడానికి 60 కొనొద్దు. సెప్టెంబరు తెల్లవారుజామున, పదివేల అడుగుల ఎత్తున, చలికి బిగుసుకున్న భుజాలతో, మోకాళ్ల మీద గంటసేపు కదలకుండా కూర్చున్నాక, చప్పుడు లేకుండా లాగాల్సిన విల్లు అది. పెరట్లో లాగగలిగినదంతా అక్కడ లాగలేరు.

పొడవు సంగతి: 27 అంగుళాల లోపు డ్రా ఉన్నవాళ్లకు 58 నుంచి 62 అంగుళాల రికర్వ్ హాయిగా ఉంటుంది. మరీ పొట్టిదైతే నారి కోణం వేళ్లను నొక్కేస్తుంది. లాంగ్‌బో ఇష్టమైతే 64 నుంచి 66 చూడండి, దట్టమైన ఆస్పెన్ చెట్ల మధ్య వింటి కింది కొమ్మ నేలకు తగలకుండా జాగ్రత్త పడాలి. పాత విల్లు కొంటే కొసలు బలపరిచి ఉన్నాయో లేదో అడగండి. లేకపోతే కాస్త సాగే డాక్రాన్ నారి మాత్రమే కట్టాలి, సాగని ఫాస్ట్‌ఫ్లైట్ నారి ఆ కొసల్ని చీల్చేయగలదు. నారి ఎక్కించడానికి ఎప్పుడూ స్ట్రింగర్ తాడు వాడండి.

వచ్చే పాఠానికి ముందు ఇవి చేయండి

చేతుల చాపు కొలిచి మీ డ్రా లెంగ్త్ రాసుకోండి. షాపులో 40, 45, 50 పౌండ్ల విళ్లు మూడింటినీ మోకాలి మీద కూర్చుని, మందపాటి జాకెట్ వేసుకుని లాగి చూడండి. యాంకర్ దగ్గర అయిదు సెకన్లు వణుకు లేకుండా నిలిచినదే మీది. జాకెట్ చేతి మడతకు నారి తగులుతుంటే ఆర్మ్‌గార్డ్ కూడా అప్పుడే కొనండి. తర్వాత 400, 500, 600 కాడలు ఒక్కొక్కటి జత చొప్పున, కోయకుండా, ఒక్కో జతలో ఒకదానికి ఈకలు లేకుండా తెచ్చుకోండి. మీరు వాడబోయే ములికి, ఇన్సర్ట్ కలిపి ఎంత తూగుతాయో, సాధన ములికి, దాని ఇన్సర్ట్ కలిపి కూడా అంతే తూగేలా బిగించండి. 9 అంగుళాల కాగితం ప్లేటు గురిగా పెట్టి 15 గజాల నుంచి వేయండి. ప్రతి బాణమూ ప్లేటులోనే పడుతున్నంత దూరమే మీ వేట దూరం. చాలామందికి అది 20 గజాల దగ్గరే ఆగుతుంది, ఎల్క్ 25 గజాల్లో నిలబడ్డా ఆ రోజు నారి లాగకూడదు. వచ్చేసారి ఆ ఈకలు లేని కాడల్ని వేసి స్పైన్ తేల్చుదాం.