స్టీరింగ్ చేతుల్లో ఆగకుండా కొట్టుకుంటుంటే: జీపు, జిప్సీ, జిమ్నీలకు ఏది ముందు చూడాలి, ఏది తర్వాత

రావులపాలెం దగ్గర గౌతమి వంతెన మీదో, దిండి దాటాక చించినాడ వంతెన మీదో ఎక్స్‌పాన్షన్ జాయింటు తగిలిన మరుక్షణం స్టీరింగ్ ఎడాపెడా కొట్టుకోవడం మొదలెడుతుంది. ముందు చక్రాలు రెండూ కుడికీ ఎడమకీ విసురుకుంటాయి, బండంతా అదిరిపోతుంది, బాగా నెమ్మదిస్తే తప్ప ఆగదు. ఆఫ్‌రోడ్ వాళ్లు దీన్ని డెత్ వాబుల్ అంటారు. ముందు చక్రాలు రెండింటినీ ఒకే గట్టి ఇరుసు కలిపే బండ్ల జబ్బు ఇది: పాత విల్లీస్, ఎంఎం540, జిప్సీ, జిమ్నీ, రాంగ్లర్. 2020లో వచ్చిన థార్‌కు ముందు చక్రాలు వేటికవే కదులుతాయి కాబట్టి దాని వణుకు లెక్క వేరు.

అది మొదలైనప్పుడు స్టీరింగ్‌తో కుస్తీ పట్టకండి. బొటనవేళ్లు రింగు లోపల ఉంచితే విరిగే ప్రమాదం ఉంది, బయటికి తీసేయండి. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, బ్రేకు మెల్లగా నొక్కుతూ వేగం తగ్గనివ్వండి. మన కాలవ గట్టు రోడ్ల మీద పక్కకి తప్పుకునే చోటుండదు, ఒకవైపు కాలవ, మరోవైపు బోదె. అందుకే ఒక్కసారి వచ్చినా సరే, బండి బాగయ్యేదాకా గట్టు రోడ్డు ఎక్కించకండి.

చాలామంది చేసేది ఒకటే: స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ కడ్డీకి బిగించే షాక్ అబ్సార్బరు) మార్పించడం. కొత్త డ్యాంపర్ వేయగానే ఊగుడు ఆగుతుంది, కొన్నాళ్లకి మళ్లీ వస్తుంది. డ్యాంపర్ ఊగుడిని అణిచిపెడుతుంది, కారణాన్ని తీసేయదు. ఎక్కడో ఒక జాయింటు లూజై ఉంటుంది, లేదా రెండు మూడు చోట్ల కొంచెం కొంచెం లూజు కలిసి ఉంటుంది. దాన్ని వెతికేటప్పుడు డ్యాంపర్ విప్పి పక్కన పెట్టండి. అది లేకపోతే తప్పు స్పష్టంగా బయటపడుతుంది. అయితే డ్యాంపర్ లేకుండా రోడ్డెక్కొద్దు, పరీక్షంతా షెడ్డులోనే.

ముందు ఇది అదేనా కాదా తేల్చుకోండి. గతుకు తగలకపోయినా ఫలానా వేగం దగ్గరే సన్నగా వణికి, ఇంకాస్త వేగం పెంచితే తగ్గిపోతే అది టైరు బ్యాలెన్సింగు. బ్రేకు నొక్కినప్పుడే వస్తే డిస్కో డ్రమ్మో వంకర పోయింది. గతుకు తగిలి మొదలై, తగిలిన గతుకు దాటిపోయినా తనంతట తాను పెరుగుతూ పోతేనే ఇక్కడ చెప్పే పని.

టైర్ల దగ్గర మొదలెట్టండి, ఖర్చులేని పని. రొయ్యల చెరువు గట్ల మీదా, పుంత రోడ్ల మీదా తిరిగిన బండికి ఒండ్రు మట్టి రిమ్ము లోపలి వైపు పట్టి, ఎండకి గట్టిపడిపోతుంది. బయటి నుంచి చూస్తే రిమ్ము శుభ్రంగానే కనపడుతుంది. లోపల ఒకే పక్కన పేరుకున్న గడ్డ చాలు చక్రం తూకం తప్పడానికి. చక్రం విప్పి, లోపలి అంచు గీకి, నీళ్లతో కడగండి. గాలి కంపెనీ చెప్పినంత, రెండు వైపులా సమానంగా ఉండాలి. టైరును చేత్తో తడిమి ఎక్కడైనా ఉబ్బు తగులుతోందేమో చూడండి. ఉంటే లోపలి బెల్టు విడిపోయింది, ఆ టైరు ఇక పనికిరాదు. అనుమానం తీరకపోతే ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి, డ్యాంపర్ బిగించాకే రోడ్డెక్కి చూడండి. ఊగుడు స్వభావం మారితే టైర్లకి ఇందులో వాటా ఉన్నట్టే.

తర్వాతిది అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష, ఇద్దరు కావాలి. జాకీ వేయొద్దు. బరువు చక్రాల మీద ఉంటేనే జాయింట్లలో లూజు తెలుస్తుంది, జాకీ వేసి చూసి అంతా బాగుందని చెప్పే మెకానిక్కుల వల్లే చాలా బండ్లు బాగుపడవు. హ్యాండ్ బ్రేకు వేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, వెనక చక్రాలకి ఎటూ కదలకుండా చెక్కలు అడ్డం పెట్టాకే ఎవరైనా కిందకి దూరాలి. పవర్ స్టీరింగ్ అయితే ఇంజన్ స్టార్ట్ చేసి ఉంచండి. ఒకరు సీట్లో కూర్చుని స్టీరింగ్‌ను ఇటు నాలుగు వేళ్ల వెడల్పు, అటు నాలుగు వేళ్ల వెడల్పు గబగబా ఊపుతూ ఉండాలి. రెండోవాళ్లు కింద పడుకుని ఒక్కో జాయింటు మీద వేలు పెట్టి చూడాలి, సగం వేలు ఈ ముక్క మీద, సగం ఆ ముక్క మీద ఉండేట్టు. రెండూ కలిసి కదిలితే మంచిదే. ఒకటి కదిలి, క్షణం ఆగి రెండోది కదిలినట్టు వేలికి తగిలితే లూజు దొరికింది. కంటికి కనపడనంత లూజు కూడా వేలికి తెలుస్తుంది.

స్టీరింగ్ బాక్సు నుంచి చక్రం దాకా వరసగా వెళ్లండి. బాక్సును చాసిస్‌కి పట్టి ఉంచే బోల్టులు, పిట్‌మన్ ఆర్మ్ (బాక్సు నుంచి బయటికొచ్చే చెయ్యి), డ్రాగ్ లింకు (ఆ చేతి కదలికను చక్రం వైపు చేర్చే కడ్డీ) రెండు చివరలు, టై రాడ్ (రెండు చక్రాల్నీ కలిపే కడ్డీ) ఎండ్లు. పాత విల్లీస్‌లో బెల్ క్రాంక్ (డ్రాగ్ లింకు కదలికను దిశ మార్చి టై రాడ్లకు అందించే ముక్క) కూడా చూడాలి, దాని పిన్నూ బేరింగులూ అరిగితే మిగతాదంతా కొత్తదైనా లాభం లేదు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి తినే బండ్లలో స్టీరింగ్ బాక్సు బోల్టుల చుట్టూ చాసిస్ రేకు తుప్పు పట్టి, పగులు తీసి ఉంటుంది. మట్టి గీకి చూడకపోతే ఆ పగులు కనపడదు.

జిమ్నీ, రాంగ్లర్‌లకు ఇరుసును పక్కలకు జరగనివ్వకుండా ట్రాక్ బార్ ఉంటుంది. డెత్ వాబుల్‌కి మొదటి అనుమానితుడు అదే. బోల్టు ఒకసారి లూజై తిరిగితే బ్రాకెట్‌లో రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి మారిపోతుంది. అప్పుడు బోల్టు బిగించినా ఆగదు. సరిగ్గా బోల్టు సైజు రంధ్రమున్న మందపాటి వాషర్ ప్లేటు బ్రాకెట్‌కి వెల్డింగ్ చేయాలి. రాంగ్లర్ జేకే మోడల్లో ఆ బోల్టు బిగింపు సుమారు 170 న్యూటన్ మీటర్లు, చేతి అంచనాతో కుదిరే పని కాదు, టార్క్ పానా వాడండి. రబ్బరు బుష్షుల బోల్టుల్ని బండి నేల మీద నిలబడ్డాకే పూర్తిగా బిగించాలి. జాకీ మీద బిగిస్తే బుష్షు మెలిపడిపోయి కొద్దిరోజుల్లో చిరుగుతుంది.

కమాన్లున్న జీపుకీ జిప్సీకీ ట్రాక్ బార్ ఉండదు. ఆ పని చేసేది కమాన్లు, షాకిల్ (కమాను చివరను చాసిస్‌కి కలిపే ముక్క) బుష్షులు, కమానును ఇరుసుకి బిగించే యూ బోల్టులు. కమానుకీ ఇరుసుకీ మధ్య ఎర్రటి తుప్పు పొడి రాలినట్టుంటే అక్కడ కదలిక ఉంది, సెంటర్ బోల్టు తెగిందేమో విప్పి చూడండి.

ఇప్పుడు జాకీ వేసి, స్టాండు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. కదిలితే ఒకరిని బ్రేకు నొక్కి పట్టమనండి. కదలిక పోతే వీల్ బేరింగుది, పోకపోతే చక్రం కుడి ఎడమలకు తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్‌ది, రాంగ్లర్‌లో అయితే బాల్ జాయింటుది. మన దగ్గర కింగ్ పిన్ బేరింగులు త్వరగా పోతాయి. చెరువు నీళ్లలో దిగిన బండికి నకిల్ (ఇరుసు చివర చక్రాన్ని మోస్తూ తిరిగే ముక్క) సీలు అరిగి నీళ్లు లోపలికి చేరతాయి. మూత విప్పినప్పుడు గ్రీజు మజ్జిగ రంగులో ఉంటే నీళ్లు పోయినట్టే. బేరింగు కప్పు మీద రోలర్లు పడి గుంటలు కడతాయి, చక్రం తిన్నగా ఉన్నప్పుడే రోలర్లు ఆ గుంటల్లో కూర్చుంటాయి కాబట్టి సరిగ్గా ఆ స్థితిలోనే లూజు. అలాంటి కప్పుని మార్చాల్సిందే, షిమ్ములతో (సందులో పెట్టే పల్చటి రేకులతో) సర్దితే పక్కలకి తిప్పినప్పుడు బిగిసిపోతుంది. బేరింగులు బాగుండి లూజు మాత్రమే ఉంటే షిమ్ములు తీసి బిగువు తేవచ్చు. పైనా కిందా సమానంగా తీయండి, లేకపోతే నకిల్ మధ్యనుంచి పక్కకి జరుగుతుంది. బిగువు ఎంతన్నది తూకం వేసే స్ప్రింగు కాటాతో నకిల్‌ను లాగి, మాన్యువల్ అంకెతో సరిచూసుకోవాలి.

లూజులన్నీ పోయాకే అలైన్‌మెంటు. టో, అంటే ముందు చక్రాలు ముందువైపు ఎంత లోపలికి తిరిగి ఉన్నాయన్నది, కొలవడం ఇంట్లోనే అవుతుంది. చక్రం జాకీ మీద తిప్పుతూ టైరు మధ్యలో సుద్దపూత వేసి, దాని మీద మేకుతో ఒక సన్నటి గీత గీయండి. రెండు చక్రాలకీ గీసి, బండిని దించి, కొంచెం ముందుకి తోయండి. ఇరుసు ఎత్తులో ముందు వైపు గీతల మధ్య దూరం, వెనక వైపు దూరం టేపుతో కొలిస్తే ముందుది 1.5 నుంచి 3 మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. మీ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే ప్రమాణం.

క్యాస్టర్ అంటే కింగ్ పిన్ పైభాగం వెనక్కి వాలడం. ఆ వాలు వల్లే చక్రాలు తమంతట తాము తిన్నగా అవుతాయి. బండి ఎత్తు పెంచినా, పొడవాటి షాకిళ్లు వేసినా వాలు తగ్గుతుంది. లిఫ్ట్ వేయించిన వారంలోనే ఊగుడు మొదలైతే ముందు ఇదే కొలిపించండి. కమాను బండికి వాలు పెంచాలంటే ఇరుసుకీ కమానుకీ మధ్య చీలిక షిమ్ము వేస్తారు. కమాను ఇరుసు కింద ఉంటే లావు అంచు ముందుకి, ఇరుసు పైన ఉంటే లావు అంచు వెనక్కి. తిరగేసి వేస్తే ఉన్న వాలు కూడా పోతుంది. వాలు పెరిగేకొద్దీ ముందు డిఫరెన్షియల్ ముక్కు కిందకి దిగి ప్రొపెల్లర్ షాఫ్టు కోణం చెడుతుంది కాబట్టి కంపెనీ అంకె దాటి పోవద్దు.

స్టీరింగ్ బాక్సు మీదున్న అడ్జస్టింగ్ స్క్రూని చివరిదాకా ముట్టుకోకండి. అతిగా బిగిస్తే మధ్యలో పట్టేస్తుంది, మలుపు తర్వాత స్టీరింగ్ వెనక్కి రాదు.

ఇంతా అయ్యాక డ్యాంపర్ బిగించండి, ఆయిల్ కారుతుంటే కొత్తది. మొదట ఖాళీ రోడ్డులో గంటకు 40, తర్వాత 60 కిలోమీటర్ల వేగం దగ్గర చిన్న గతుకులు ఎక్కించి చూసి, అప్పుడే హైవే మీదకి వెళ్లండి. 500 కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు, ట్రాక్ బార్, టై రాడ్ క్లాంపులు మళ్లీ బిగించి, బోల్టు తల నుంచి బ్రాకెట్ మీదకి పెయింటుతో ఒక గీత గీసి ఉంచండి. ఆ గీత విడిపోయి కనపడితే బోల్టు తిరుగుతోందన్నమాట.