ట్యాబ్‌కి వైఫై పట్టట్లేదా? ముందు పేరు కింద ఏం రాసుందో చదవండి

పిడుగుల వానకి మా అమ్మ వాళ్ళింట్లో ఫైబర్ బాక్స్ (వైఫై ఇచ్చే రౌటర్ అదే) పోయింది. కొత్తది పెట్టారు, పేరూ పాస్‌వర్డూ పాతవే ఉంచమన్నాం, ఫోన్లన్నీ వెంటనే పట్టేశాయి, అమ్మ ట్యాబ్ ఒక్కటే పట్టలేదు. 2017లో కొన్న ట్యాబ్ కదా, "పాతబడింది, ఇంక పారేయ్" అని ఇంట్లో అందరూ తీర్పు చెప్పేశారు, నేనూ ఒక గంటసేపు దాంతోనే కుస్తీ పట్టాను. తీరా చూస్తే తప్పు దానిది కాదు, కొత్త బాక్సులో ఒక సెట్టింగ్‌ది. అదేంటో చెప్తాను, కానీ ముందు మీ ఇంట్లో తేడా ఎక్కడుందో తేలాలి: ట్యాబ్‌లోనా, రౌటర్‌లోనా, బయట నుంచి వచ్చే లైన్‌లోనా?

ఒక ఫోన్ తీసుకుని, మొబైల్ డేటా ఆపేసి, వైఫై మీదే ఏదైనా పేజీ తెరవండి. డేటా ఆపడం మర్చిపోవద్దు. "నా ఫోన్లో నెట్ వస్తోందిగా" అనేవాళ్ళు చాలామంది సిమ్ మీద వచ్చే నెట్ చూసి అలా అంటారు, వైఫై ఎప్పుడో పోయినా వాళ్ళకి తెలీదు. ఫోన్లోనూ రాకపోతే ట్యాబ్‌ని పక్కన పెట్టి బాక్స్ చూడండి. ఎల్‌ఓఎస్ అని రాసున్న లైటు ఎర్రగా వెలుగుతుంటే ఫైబర్‌లో సిగ్నల్ రావట్లేదని అర్థం, వైరు ఎక్కడో తెగింది లేదా బాగా వంగింది, కంప్లైంట్ పెట్టి ఊరుకోవడమే. ఫోన్లో బాగానే వస్తోందంటే, అదే ఫోన్లో డేటా ఆన్ చేసి హాట్‌స్పాట్ పెట్టి ట్యాబ్‌ని దానికి కలపండి (హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో బ్యాండ్ 2.4 గిగాహెర్ట్జ్ ఉండాలి, అదేంటో కింద చెప్తాను, లేకపోతే పాత ట్యాబ్‌కి అదీ కనిపించకపోవచ్చు). నెట్ వచ్చిందా, ట్యాబ్ బాగానే ఉన్నట్టు, గొడవల్లా దానికీ మీ రౌటర్‌కీ మధ్య.

ఇప్పుడు ట్యాబ్‌లో వైఫై సెట్టింగ్స్ తెరిచి, మీ వైఫై పేరు కింద చిన్న అక్షరాల్లో ఏముందో చదవండి. సగం జవాబు అక్కడే ఉంటుంది, మనమే చదవం.

అసలు పేరే కనిపించట్లేదంటే అది ఎక్కువగా బ్యాండ్ సమస్య. ఇప్పటి రౌటర్లు చాలావరకు 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్లలో సిగ్నల్ ఇస్తాయి, పాత చవక ట్యాబ్‌లలో చాలావాటికి మొదటిదే తెలుసు. పేరు చివర 5జీ అని ఉంటే అది ఈ రెండో బ్యాండ్, సిమ్ 5జీకీ దానికీ ఏ సంబంధమూ లేదు, మా బాబాయికి ఈ ముక్క ఇప్పటికి నాలుగుసార్లు చెప్పాను. రౌటర్‌లో 2.4 ఆన్‌లో ఉందో లేదో చూడండి (రౌటర్ సెట్టింగ్స్‌లోకి ఎలా వెళ్ళాలో కింద చెప్తాను), ఉన్నా కనిపించకపోతే దాని ఛానెల్ 12 గానీ 13 గానీ ఉందేమో చూసి 1, 6, 11లలో ఒకటి పెట్టండి, ఆ పై ఛానెళ్ళు కొన్ని పరికరాలకి అందవు.

పేరు కనిపిస్తోంది, పాస్‌వర్డ్ కొడితే కాసేపు తిరిగి "సేవ్డ్" అని ఊరుకుంటోందా? మా అమ్మ ట్యాబ్ కథ ఇదే. ముందు ఆ పేరు మీద నొక్కి ఫర్గెట్ కొట్టి, పాస్‌వర్డ్ మళ్ళీ కొట్టండి, ఈసారి కన్ను గుర్తు నొక్కి అక్షరాలు కనిపించేలా పెట్టుకుని. సున్నాకి బదులు ఓ, ఒకటికి బదులు చిన్న ఎల్, మొదటి అక్షరం దానంతటదే పెద్దదైపోవడం, ఎక్కువగా ఇవే. పాస్‌వర్డ్ సరిగ్గానే ఉన్నా ఒప్పుకోకపోతే రౌటర్ సెక్యూరిటీ చూడాలి, మా అమ్మ వాళ్ళ కొత్త బాక్సులో చిక్కు ఇక్కడే. వైఫైకి తాళం వేసే పద్ధతుల్లో డబ్ల్యూపీఏ3 అనేది 2018లో వచ్చింది, అంతకుముందు ట్యాబ్‌లలో చాలావాటికి అది అర్థం కాదు. ఫోన్‌ని మళ్ళీ ఇంటి వైఫైకి కలిపి బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టండి, జియో బాక్సులైతే 192.168.29.1, అడ్రసూ లాగినూ చాలా బాక్సులకి అడుగున స్టిక్కర్ మీదే ఉంటాయి. లోపల వైర్‌లెస్ సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ2 ఎంచుకుని సేవ్ చేయండి. రెండూ కలిపిన ఆప్షన్ కూడా ఉంటుంది కానీ కొన్ని పాత ట్యాబ్‌లు దానికీ మొరాయిస్తాయి. అక్కడ ఇంకేవీ కదపొద్దు, ముఖ్యంగా వ్యాన్ (WAN, బయట నుంచి వచ్చే లైన్ సెట్టింగ్స్) అని ఉన్న పేజీ జోలికి వెళ్ళొద్దు, అది చెడితే ఇల్లంతా నెట్ పోతుంది.

"ఆబ్టెయినింగ్ ఐపీ అడ్రస్" దగ్గరే ఆగిపోతే రౌటర్ ట్యాబ్‌కి అడ్రస్ ఇవ్వట్లేదని. బాక్స్ స్విచ్ ఆపేసి అర నిమిషం ఆగి వేస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. లేకపోతే ఆ వైఫై అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో ఐపీ సెట్టింగ్ స్టాటిక్ (చేత్తో పెట్టిన అడ్రస్) అని ఉందేమో చూసి డీహెచ్‌సీపీకి (రౌటరే అడ్రస్ ఇచ్చే పద్ధతి) మార్చండి, ఎప్పుడో హాస్టల్‌లో పెట్టింది అలాగే ఉండిపోతుంది.

ఇంక "కనెక్టెడ్, నో ఇంటర్నెట్". ఫోన్లో వస్తూ ట్యాబ్‌లో రాకపోతే నేను ముందు తేదీ చూస్తాను. ఛార్జింగ్ లేక నెలలపాటు బీరువాలో పడున్న ట్యాబ్ లేవగానే తేదీ ఏళ్ళ వెనక్కి వెళ్ళిపోయి ఉంటుంది, దాంతో సైట్ల సర్టిఫికెట్లు (ఇది అసలు సైటేనని చూపే గుర్తింపు) చెల్లవనుకుని దాదాపు ఏ పేజీనీ తెరవదు. తేదీ, టైమ్ మీరే చేత్తో సరిచేయండి, ఒక్కోసారి అది తనంతట సరిచేసుకోదు. ఆ తర్వాత వీపీఎన్ (నెట్‌ని వేరే సర్వర్ గుండా మళ్ళించే యాప్) ఉంటే ఆపండి, ఆండ్రాయిడ్ 9 ఆ పైవి అయితే ప్రైవేట్ డీఎన్‌ఎస్ (సైట్ పేరుకి అడ్రస్ వెతికే సెట్టింగ్) ఆటోమేటిక్‌లో పెట్టండి. బ్రౌజర్ నడుస్తూ ఒక్క యాప్ మాత్రమే మొండికేస్తే అది వైఫై సంగతి కాదు, ఆ యాప్ మీ పాత ఆండ్రాయిడ్‌ని వదిలేసి ఉంటుంది.

ఏదీ కుదరకపోతే సెట్టింగ్స్‌లో రీసెట్ కింద నెట్‌వర్క్ సెట్టింగ్స్ ఒక్కటే రీసెట్ చేయండి, ఫొటోలు పోవు, సేవ్ అయిన వైఫై పాస్‌వర్డ్‌లూ బ్లూటూత్ జతలూ పోతాయి. ఫ్యాక్టరీ రీసెట్‌కి మాత్రం తొందరపడొద్దు. అది అయ్యాక ట్యాబ్ పాత గూగుల్ అకౌంట్ పాస్‌వర్డ్ అడగొచ్చు, మా అమ్మ జీమెయిల్ పాస్‌వర్డ్ ఏంటో అమ్మకే తెలీదు, పెట్టింది తమ్ముడు, వాడూ మర్చిపోయాడు.