రాజమండ్రి వస్తున్నారా?

చాలామంది పుష్కరఘాట్‌లో మూడు మునకలేసి రైలెక్కేస్తారు. అలా చెయ్యకండి బాబూ. ఎండ ముదరకముందే ధవళేశ్వరానికి ఆటో మాట్లాడుకోండి. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేసింది అక్కడే. ఇప్పుడున్నది తర్వాత కట్టిన బ్యారేజీ. గోదావరి గౌతమి, వసిష్ఠలుగా చీలేదీ అక్కడే. లాకుల దగ్గర కాసేపు నిలబడితే మా కోనసీమ చేలకు నీళ్లెలా వస్తాయో కళ్లారా తెలుస్తుంది. గుళ్లకంటే ముందు ఇది చూడాలంటాన్నేను, మా అమ్మ ఒప్పుకోదనుకోండి.

మధ్యాహ్నం కందుకూరి వీరేశలింగం గారిల్లు. 1881లో ఆయన తొలి వితంతు వివాహం జరిపించింది ఈ ఊళ్లోనే. బయటికొచ్చాక చల్లగా రోజ్‌మిల్క్ తాగండి.

సాయంత్రం గట్టు మీంచి హేవలాక్ వంతెన చూడండి. 1900 నుంచి 1997 దాకా రైళ్లు మోసింది. పక్కనే ఆర్చి వంతెన. మర్నాడు కడియం నర్సరీలకెళ్తే మాత్రం సంచి తీసుకెళ్లండి, ఉత్తచేతులతో రాలేరు.