కళ్ళ ముందున్న పదం సెర్చ్‌లో దొరక్కపోతే

తెలుగు మాటల్ని రోమన్ లిపిలో గీతలూ చుక్కలూ పెట్టి రాసేవాళ్ళు, ఐపీఏలో (అంటే అంతర్జాతీయ ధ్వని లిపిలో) ఉచ్చారణ రాసేవాళ్ళు ఏ తేడా వచ్చినా ముందు ఫాంట్ మార్చేస్తారు. దయచేసి అది ఆపి, ఆ అక్షరం వెనక ఏ కోడ్ (కంప్యూటర్ ఆ అక్షరానికి వాడే నంబర్) ఉందో చూడండి. వర్డ్‌లో అక్షరం తర్వాత కర్సర్ పెట్టి ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే కోడ్ కనిపిస్తుంది, చూశాక అన్‌డూ చేసేయండి.

సమస్య: గుర్తు పక్క అక్షరం మీదికి పోయింది, లేదా చుక్కల సున్నా మీద ఒంటరిగా ఉంది.

గుర్తుని ముందు టైప్ చేసి ఉంటారు. అక్షరాలకి ఈ కోడ్‌లు ఇచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో అక్షరం ముందు, గుర్తు తర్వాత. ఆ వరస సరిగ్గా ఉన్నా గుర్తు జారుతుంటే అప్పుడు ఫాంట్ మార్చండి, ఎస్ఐఎల్ అనే భాషల సంస్థ వాళ్ళ చారిస్ గానీ జెంటియమ్ గానీ, రెండూ ఫ్రీయే.

సమస్య: పదం కనిపిస్తూనే ఉంది, సెర్చ్‌లో రావట్లేదు.

అసలు తిప్పలు పెట్టేది ఇదే. రోమన్‌లో రామ అని ఏ (a) మీద అడ్డగీత పెట్టి రాశారనుకోండి, ఆ దీర్ఘాక్షరం 0101 అనే ఒకే కోడ్‌గా ఉండొచ్చు, లేదా మామూలు ఏ 0061, దాని తర్వాత గీత 0304 అని రెండుగా ఉండొచ్చు. స్క్రీన్ మీద రెండూ ఒకటే, కానీ ఎక్సెల్‌లో అక్షరాలు లెక్కపెట్టే లెన్ ఫార్ములా వేస్తే ఒకదానికి 4, ఇంకోదానికి 5 వస్తుంది. ఒకరు టైప్ చేసిందీ, పీడీఎఫ్ నుంచి కాపీ చేసిందీ, పాత మ్యాక్ ఫైల్ పేర్లలోంచి తీసిందీ ఒకే షీట్‌లో కలిపితే ఇలాగే అవుతుంది. కొన్ని ప్రోగ్రాములు వెతికేటప్పుడు ఈ తేడా పట్టించుకోవు, అందుకే బ్రౌజర్‌లో దొరికిన పదం పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో రాసిన స్క్రిప్ట్‌కి దొరకదు, జనం స్క్రిప్ట్‌ని తిట్టుకుంటూ కూర్చుంటారు.

ఇది రోమన్‌కే అనుకోకండి. తెలుగు ఐత్వాన్ని కూడా యూనికోడ్ ఎత్వం, దాని కింది గుర్తు అని రెండుగా కూడా ఉండనిస్తుంది, కాబట్టి ఒక ఫైల్‌లోని హైదరాబాద్ ఇంకో ఫైల్‌లోని హైదరాబాద్‌తో కలవకపోవచ్చు.

పరిష్కారం: అంతా ఎన్ఎఫ్‌సీకి, అంటే అక్షరాన్నీ గుర్తునీ వీలైన చోటల్లా ఒకే కోడ్‌గా కలిపే యూనికోడ్ రూపానికి మార్చండి, పైథాన్‌లో యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని నార్మలైజ్ ఫంక్షన్ చాలు. డేటాని ఒక్కదాన్నే మార్చి వదిలేస్తారు చాలామంది, వెతికే పదాన్ని కూడా మార్చాలండీ!

ఎన్ఎఫ్‌సీ చేశాక కూడా కృష్ణ లాంటి పదాలు కలవకపోతే ఋ చూడండి. మన భాషల్ని రోమన్‌లో రాసే పద్ధతుల్లో, ఐఎస్ఓ 15919లో ఆర్ కింద చిన్న సున్నా, ఐఏఎస్‌టీలో చుక్క. ఇవి వేర్వేరు గుర్తులు, ఏ నార్మలైజేషనూ (ఎన్ఎఫ్‌సీ లాంటి మార్పు) వీటిని కలపదు, ఒక పద్ధతి ఎంచుకుని మిగతావి రీప్లేస్ చేసుకోవాలి. పైగా సున్నా పెట్టిన ఆర్‌కి ఒకే కోడ్ అంటూ లేదు, ఎన్ఎఫ్‌సీలోనూ రెండుగానే ఉంటుంది, కాబట్టి అక్షరాల లెక్క దాని మీద పెట్టుకోకండి.

ఒకే అక్షరం కింద రెండు గుర్తులుంటే వాటి వరస తేడా రావడం, ఐపీఏ జీ బదులు కీబోర్డ్ జీ పడటం, ఇవి అరుదు. పైవన్నీ చూశాకే వీటి జోలికి వెళ్ళండి.