సాలూరు దాటి ఘాట్ ఎక్కేటప్పుడు సూది కదిలితే

ఎండలు ముదిరాయి. సాలూరు నుంచి సుంకి, పొట్టంగి మీదుగా కోరాపుట్ వెళ్లే దారిలో బానెట్ ఎత్తి నిలబడ్డ కార్లు మళ్లీ కనిపిస్తున్నాయి. రేడియేటర్ మూత తిప్పి మొహం, చేతులు కాల్చుకున్నవాళ్ల కబుర్లూ మళ్లీ వస్తున్నాయి. పెళ్లికనో ఆసుపత్రికనో విశాఖ, విజయనగరం వైపు దిగే మన జయపురం, సునాబెడా, కోరాపుట్ బళ్లకు పోయేటప్పుడు పెద్ద ఇబ్బంది ఉండదు. ఇంజన్‌కి పరీక్ష తిరుగు ప్రయాణంలోనే. సాలూరు సముద్రమట్టానికి 150 మీటర్ల లోపు, కోరాపుట్ 850 మీటర్ల పైన. బండిలో ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, ఏసీ ఫుల్, ముందు లోడు లారీ, దాని వెనక రెండో గేరులో పాకడం.

కూలెంట్ (ఇంజన్ వేడిని లాగేసే ద్రవం) చూసుకోండి, సర్వీసింగ్ చేయించండి అని చెప్పడానికి ఇంత రాయక్కర్లేదు. చెప్పాల్సింది ఒక్కటే: డ్యాష్‌బోర్డులో ఇంజన్ వేడి చూపే సూది మధ్య గీత దాటాక బండి నడపకండి.

ఇంకో రెండు కిలోమీటర్లే కదా

"పైన సుంకిలో ఆపుదాం, అక్కడైతే మెకానిక్ ఉంటాడు." ఇంజన్లను మింగేది ఈ మాటే. కూలెంట్ కారడం కాదు, ఫ్యాన్ ఆగిపోవడం కాదు. అవి చిన్న జబ్బులు, చిన్న ఖర్చుతో పోతాయి. వాటి మీద ఆ రెండు కిలోమీటర్లు నడిపితేనే పెద్ద జబ్బు.

చాలా కార్లలో ఆ సూది నిజమంతా చెప్పదు. చిన్న హెచ్చుతగ్గులకు జనం కంగారుపడకుండా, సుమారు 80 నుంచి 105 డిగ్రీల దాకా సూది మధ్యలోనే నిలబడేలా కంపెనీవాళ్లే అమరుస్తారు. అంటే మధ్య గీత వదిలి అది పైకి లేచేసరికే లోపల వ్యవహారం ముదిరిపోయి ఉంటుంది. కొత్త కార్లు కొన్నింట్లో సూదే ఉండదు. చల్లగా ఉన్నప్పుడు నీలం దీపం, మితిమీరి కాగాక ఎర్ర దీపం, అంతే. ఎర్రది వెలిగాక మీ చేతిలో మిగిలేది బండిని పక్కకు తీసేంత సమయం.

ఇంజన్ హెడ్, అంటే సిలిండర్ల మీద మూతలా కూర్చునే పై భాగం, అల్యూమినియంది. మితిమీరి కాగితే వంగుతుంది. చాలా చిన్న కార్లకు హెడ్ అడుగున 0.05 మిల్లీమీటర్ల వంపు మించకూడదు. అది తల వెంట్రుకంత కూడా కాదు. అది దాటితే హెడ్‌కీ ఇంజన్‌కీ మధ్య సందు మూసి ఉంచే పలుచటి పొర, హెడ్ గ్యాస్కెట్, పట్టు వదులుతుంది, నీళ్లు సిలిండర్‌లోకీ ఆయిల్‌లోకీ పోతాయి. ఇక హెడ్ దింపడం, లేత్‌లో చదును చేయించడం, గ్యాస్కెట్ సెట్, కొత్త బోల్టులు, వారం రోజులు బండి షెడ్డులో. మొదట్లో పోయింది ఒక రబ్బరు గొట్టం, ఒక క్లిప్పు మాత్రమే.

ఇంతకంటే మోసం ఇంకోటుంది. ఎర్ర గీత దాకా వెళ్లిన సూది ఉన్నట్టుండి కిందికి జారుతుంది. "హమ్మయ్య, చల్లబడింది" అని మళ్లీ గేరు వేస్తారు. చల్లబడలేదు. కూలెంట్ మొత్తం పోయి, సెన్సర్ చుట్టూ నీళ్లు లేక ఆవిరీ గాలీ మిగిలితే అది తప్పు లెక్క చెబుతుంది. బండి ఎక్కుతూ ఉండగా సూది దానంతటదే పడిపోయిందంటే ఆ క్షణమే ఇంజన్ ఆపాలి.

ఆపేటప్పుడు

ఏసీ ఆపండి. హీటర్ ఫుల్ వేడికి తిప్పి, బ్లోయర్ చివరిదాకా పెట్టి, అద్దాలు దించండి. మే నెలలో హీటరేమిటని పిల్లలు గోల చేస్తారు. చెయ్యనీయండి. హీటర్ లోపల ఉన్నది ఇంకో చిన్న రేడియేటర్, ఇంజన్ వేడి కొంత అటు పోతుంది. దాంతో మలుపు దాటి పక్కకు తీసే వంద గజాలు కలిసొస్తాయి. ఆ వంద గజాలకే, సుంకి దాకా కాదు.

ఆవిరి లేకపోతే, కింద కారకపోతే, సూది పడిపోయి ఉండకపోతే, బండి నిలిపి న్యూట్రల్‌లో ఒకటి రెండు నిమిషాలు ఇంజన్ తిరగనివ్వొచ్చు. కూలెంట్‌ను తిప్పే పంపు తిరిగి వేడి సర్దుకుంటుంది. ఆవిరి వస్తున్నా, కింద చుక్క పడుతున్నా వెంటనే ఆపెయ్యండి. హ్యాండ్ బ్రేకు, మొదటి గేరు, చక్రం వెనక రాయి. నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వెలిగే హజార్డ్ లైట్లు వేసి, హెచ్చరిక ట్రయాంగిల్ వెనక దూరంగా పెట్టండి. మనుషుల్ని రోడ్డు మీద కాకుండా కొండ వైపు నిలబెట్టండి.

మూత

రేడియేటర్ మూత మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది. అంత ఒత్తిడిని పట్టి ఉంచడమే దాని పని. ఆ ఒత్తిడిలో నీళ్లు 100 దగ్గర కాదు, దాదాపు 120 దగ్గర గానీ మరగవు. మూత తిప్పారంటే ఒత్తిడి ఒక్కసారిగా పోయి అంత వేడి నీళ్లూ పొంగి మొహం మీదికొస్తాయి. కుక్కర్ ఆవిరి పోకముందే మూత లాగితే ఏమవుతుందో వంటింట్లో ఎవరినడిగినా చెబుతారు. కనీసం 45 నిమిషాలు ఆగండి. రేడియేటర్ పై గొట్టాన్ని గుడ్డతో నొక్కి చూస్తే మెత్తగా లొంగాలి. గట్టిగా ఉంటే ఇంకా ఆగాలి.

అదే మూత రబ్బరు అరిగితే ఒత్తిడి నిలవదు. కోరాపుట్ ఎత్తులో మామూలు గిన్నెలో నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, రేడియేటర్‌లోనూ ఇంచుమించు అదే జరుగుతుంది. మార్చేటప్పుడు అదే అంకె ఉన్న మూత వేయించండి. పెద్ద అంకె మంచిదనుకుని వేస్తే గొట్టమో, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకో పగులుతుంది.

ఎప్పుడు వేడెక్కుతోంది?

ట్రాఫిక్‌లో నిలబడితే వేడెక్కి, రోడ్డెక్కితే సర్దుకుంటోందంటే ఫ్యాన్ తిరగడం లేదు: ఫ్యూజు, రిలే, మోటారు, ఆ వరుసలో చూడమనండి. నిలబడితే బాగుండి, ఎక్కేటప్పుడు వేడెక్కితే కూలెంట్ తక్కువైనా ఉండాలి, రేడియేటర్ పూడిపోయైనా ఉండాలి, పంపు రెక్కలు అరిగైనా ఉండాలి. దమన్‌జోడి వైపు ఎర్ర దుమ్ములో తిరిగే బళ్లకు ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య మట్టి పేరుకుంటుంది, బయటికి కనిపించదు. ఇంజన్ వైపు నుంచి బయటికి మామూలు పైపుతో కడగాలి. ప్రెషర్ గన్ దగ్గర పెడితే రేకులు ముడుచుకుపోయి గాలి ఆడదు.

స్టార్ట్ చేసిన పది నిమిషాల్లోనే సూది లేచి, కింది గొట్టం మాత్రం చల్లగా ఉంటే థర్మోస్టాట్ (కూలెంట్ రేడియేటర్‌కి పోయే దారిని తెరిచి మూసే వాల్వు) మూసుకుపోయింది. దాన్ని పీకి పడేసి "ఇక వేడెక్కదు సార్" అనే మిస్త్రీలు మన వైపు చాలామంది. ఒప్పుకోకండి. అది లేకపోతే ఇంజన్ ఎప్పుడూ చల్లగానే నడిచి డీజిలో పెట్రోలో ఎక్కువ తాగుతుంది. కొన్ని ఇంజన్లలోనైతే నీళ్లు రేడియేటర్‌కి పోకుండా పక్క దారిలో తిరిగొచ్చి ఇంకా వేడెక్కుతుంది.

ఇంజన్ ఆయిల్ పాలు కలిపిన టీలా కనిపించినా, తెల్ల పొగ ఆగకుండా తియ్యని వాసనతో వస్తున్నా, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషానికే పై గొట్టం రాయిలా బిగుసుకున్నా గ్యాస్కెట్ పోయినట్టే. ఆ బండిని స్టార్ట్ చెయ్యకుండా లారీ మీదే తెప్పించండి.

ఇక మిగిలినవి

– కూలెంట్ రిజర్వ్ ట్యాంకు నిండుగా ఉందని రేడియేటర్ నిండుగా ఉన్నట్టు కాదు. మూతలో వెనక్కి పీల్చే వాల్వు చెడితే ట్యాంకులో కూలెంట్ అలాగే ఉంటుంది, రేడియేటర్ ఖాళీ అవుతుంది. పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు మూత తీసి చూడండి.

– కాగిన ఇంజన్‌లో ఊట నీళ్లు పొయ్యకండి. కాలిన పెనం మీద చన్నీళ్లు పోసినట్టే, హెడ్ పగులుతుంది. చల్లారాక, కొంచెం కొంచెంగా.

– బోరు నీళ్లు దారిలో ఆపద గట్టెక్కడానికే. ఇంటికి చేరాక అవి తీయించి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయించండి. చిన్న కార్లకు మొత్తం నాలుగైదు లీటర్లు పడుతుంది. రెడీమిక్స్ డబ్బా అయితే నీళ్లు కలపకండి.

– రంగు చూసి కూలెంట్ కలపకండి. ఆకుపచ్చవన్నీ ఒకటి కాదు. మాన్యువల్‌లో ఏది రాసుందో అదే.

– నింపాక గాలి తీయించండి. బండి ముందు భాగం ఎత్తు మీద, హీటర్ ఆన్, చల్లటి ఇంజన్ మూత తీసి స్టార్ట్ చేసి, బుడగలు ఆగేదాకా. గాలి మిగిలిపోతే మర్నాడు ఘాట్‌లో మళ్లీ అదే కథ.

– పెద్ద గేరులో ఈడ్చకండి. గేరు దించితే పంపు జోరుగా తిరుగుతుంది.

– బ్యాటరీ దీపం వెలిగి, సూది కూడా లేస్తోందా? బెల్టు తెగింది. ఆపండి.

– ఇంజన్ ఆగినా ఫ్యాన్ దానంతటదే తిరగొచ్చు. కండువా, పమిట, వేళ్లు దూరం.

– చల్లబరచడానికని ఇంజన్ ఆపి దిగుడులో బండి వదలకండి. రెండు మూడు సార్లు నొక్కాక బ్రేకు రాయి అవుతుంది, స్టీరింగ్ బిగుసుకుంటుంది. సుంకి మలుపుల్లో చస్తారు.

– చల్లారింది కదా అని కారుతున్న బండిని మళ్లీ స్టార్ట్ చెయ్యకండి. కారడం ఆగలేదు.

– సూది మధ్య దాటిందా, ఆపండి. పెళ్లి ముహూర్తం ఉన్నా ఆపండి.

– సూది పడిపోయిందా, అప్పుడూ ఆపండి.

– చక్రం వెనక పెట్టిన రాయిని వెళ్లేటప్పుడు రోడ్డు మీంచి తీసెయ్యండి. రాత్రి వచ్చే బైకువాడికి అది కనిపించదు.