వాననీటి కాలువలో కలిసే మురుగును ఉష్ణోగ్రతతో పట్టుకోవడం ఎలా?

వాన వెలిసి మూడు రోజులైనా వాననీటి కాలువలో సన్నగా నీరు పారుతూ ఉంటే అది ఎక్కడిదో తేల్చుకోవాలి. భూగర్భజలం ఊరి రావచ్చు, మంచినీటి పైపు కారి రావచ్చు, లేదా ఏదో ఇంటి మురుగు గొట్టాన్ని తెలిసో తెలియకో వాననీటి గొట్టానికి కలిపి ఉండవచ్చు. ఇంటి మురుగు రోజంతా ఒకే ధారగా రాదు. స్నానానికీ బట్టలు ఉతకడానికీ కొన్ని నిమిషాల చొప్పున వచ్చి ఆగిపోతుంది. మ్యాన్‌హోల్ మూత తీసి చూసే మనిషికి ఆ కొన్ని నిమిషాలు చిక్కకపోవచ్చు కానీ, రాత్రింబవళ్లు నీటిలోనే ఉండే సెన్సర్‌కు చిక్కుతాయి.

మురుగు కలిస్తే నీరు ఎంత వేడెక్కుతుందో ముందుగా లెక్క వేసుకోవాలి. కాలువలో సెకనుకు ఒక లీటరు చొప్పున 18 డిగ్రీల నీరు పారుతోందనుకుందాం. అందులో సెకనుకు 0.15 లీటరు చొప్పున 34 డిగ్రీల స్నానపు నీరు కలిస్తే మిశ్రమం 20 డిగ్రీలు దాటుతుంది. అదే కాలువలో ఆరు లీటర్లు పారుతుంటే పెరుగుదల 0.4 డిగ్రీకి మించదు. అందువల్ల ప్రవాహం తక్కువగా ఉండే పొడి రోజులను, అందులోనూ కాలువ నీరు చల్లగా ఉండే కాలాన్ని ఎంచుకోవడం మేలు. కాలువ నీరే 30 డిగ్రీలున్న రోజుల్లో ఈ పద్ధతిని నమ్ముకుంటే శ్రమ వృథా.

పరికరాల్లో రెండు దారులున్నాయి. మొదటిది మ్యాన్‌హోల్‌కు ఒకటి చొప్పున లాగర్లు, అంటే ఉష్ణోగ్రతను కొలిచి తమలోనే నమోదు చేసుకునే చిన్న పరికరాలు, వేలాడదీయడం. రెండోది కాలువ పొడవునా ఆప్టికల్ ఫైబర్ కేబుల్ పరచడం. ఫైబర్‌లోకి పంపిన లేజర్ కాంతిలో కొంత వెనక్కి చెదురుతుంది. 1928లో సి.వి. రామన్ కనుగొన్న పరిక్షేపణం (కాంతి చెదిరే తీరు) ఆధారంగా, ఆ కాంతిలోని రెండు భాగాల నిష్పత్తిని బట్టి ఉష్ణోగ్రతనూ, తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరాన్నీ పరికరం లెక్కగడుతుంది. ఒకటి రెండు మీటర్లకొకటి చొప్పున, నిమిషం కూడా గడవకుండానే కొత్త కొలతలు అందుతాయి. నెదర్లాండ్స్‌లో పరిశోధకులు అక్రమ కనెక్షన్ల కోసం ఈ విధానాన్ని ప్రయోగించి 2009లో ఫలితాలు ప్రచురించారు. అయితే పరికరం ఖరీదైనది కాబట్టి, ముందు లాగర్లతో కాలువ ఏ శాఖలో తేడా ఉందో తేల్చుకొని, ఆ శాఖలో మాత్రమే ఫైబర్ వేయడం నా దృష్టిలో తెలివైన పని.

లాగర్లన్నింటినీ నీరు కలిపిన మంచు ముక్కల్లో ముంచి, అవి సున్నా దగ్గర ఎంతెంత తేడా చూపుతున్నాయో రాసిపెట్టుకోవాలి. విరివిగా దొరికే డీఎస్18బీ20 సెన్సర్‌కు తయారీదారు చెప్పే కచ్చితత్వం ±0.5 డిగ్రీ. మనం వెతికే పెరుగుదలే 0.4 డిగ్రీ అయినప్పుడు ఈ సవరణ లేకుండా రెండు లాగర్లను పోల్చడంలో అర్థం లేదు. కొలత నిమిషానికి ఒకటి ఉండాలి. పావుగంటకు ఒకటి పెడితే స్నానమంతా రెండు కొలతల మధ్య జారిపోవచ్చు. రెండు వారాలకు 20,160 కొలతలవుతాయి కాబట్టి లాగర్ జ్ఞాపకశక్తి సరిపోతుందో లేదో ముందే చూసుకోవాలి. సెన్సర్ నీటిలో మునిగి ఉండాలి, పూడికలో కూరుకుపోకూడదు. గాలి ఉష్ణోగ్రత కోసం మరొక లాగర్‌ను మూత కింద వేలాడదీస్తే తరువాత చాలా అనుమానాలు తీరుతాయి. ఈ పనులన్నీ పైనుంచి తాడుతో చేయాలి. హైడ్రోజన్ సల్ఫైడ్ విషవాయువు పేరుకున్న మ్యాన్‌హోల్‌లోకి దిగిన మనిషి క్షణాల్లో స్పృహ తప్పవచ్చు.

కొలతలు చేతికొచ్చాక అంకెకన్నా ఆకారాన్ని చదవడం ముఖ్యం. పగలు నెమ్మదిగా పెరిగి రాత్రి నెమ్మదిగా తగ్గే నున్నటి వంపు గాలి ప్రభావం. సెన్సర్ నీటి నుంచి బయటపడినా అదే కనిపిస్తుంది. గంటల తరబడి మారకుండా వెచ్చగా ఉంటే ఏదైనా యంత్రాన్ని చల్లబరిచిన నీరు కావచ్చు. ఇంటి మురుగు గుర్తు వేరు: ఉదయం ఆరున్నరకు గీత ఒక్కసారిగా నిలువుగా లేచి, ఏడెనిమిది నిమిషాలు పైనే ఉండి, ఆపై మెల్లగా దిగుతుంది. ఏడింటికి మరొకటి లేస్తుంది. సెలవు రోజున ఇవే శిఖరాలు గంటో రెండు గంటలో ఆలస్యంగా వస్తే అక్కడ మనుషులున్నారని దాదాపు తేలినట్టే.

ఫైబర్ పటంలో అడ్డంగా దూరం, నిలువుగా సమయం ఉంటాయి. వెచ్చని నీరు అందులో ఏటవాలు చారలా కనిపిస్తుంది. చార మొదలైన చోటే కనెక్షన్. నాలుగు నిమిషాల్లో అది 120 మీటర్లు జరిగితే నీటి వేగం సెకనుకు అర మీటరు. దిగువకు పోయేకొద్దీ గొట్టం గోడలు వేడిని పీల్చుకోవడం వల్ల చార మసకబారుతుంది కాబట్టి, మసకగా కనిపించే చారను చూసి కనెక్షన్ చిన్నదని తీర్పు చెప్పకూడదు. మరుగుదొడ్డి నీరు మాత్రమే కలిసే చోట వేడి దాదాపు ఉండదు. అలాంటి కనెక్షన్ ఈ పద్ధతికి దొరకకపోవచ్చు.

ఉష్ణోగ్రత అనుమానాన్ని మాత్రమే ఇస్తుంది, రుజువును కాదు. శిఖరం వచ్చే వేళకే వెళ్లి నమూనా తీసి అమ్మోనియా, డిటర్జెంట్, ఈ.కోలై (మలంలో ఉండే బ్యాక్టీరియా) పరీక్షలు చేయించాలి. ఆఫీసు వేళల్లో తీసిన సీసాలో శుభ్రమైన నీరే దొరుకుతుంది. ఆపై అనుమానమున్న ఇంటి స్నానాలగదిలో ఫ్లోరెసీన్ రంగు పోసి దిగువ మ్యాన్‌హోల్‌లో చూడాలి. కాలువ చివర పచ్చగా మెరిసే నీటిని చూసి జనం కంగారుపడకుండా స్థానిక అధికారులకు ముందే చెప్పడం మరువకూడదు. కనెక్షన్ సరిచేశాక లాగర్‌ను వెంటనే తీసేయకుండా మరో రెండు వారాలు ఉంచాలి. ఆరున్నర శిఖరం పోయి ఏడింటిది మిగిలితే, ఎగువన ఇంకొక గొట్టం ఉన్నట్టే.